పెళ్లిరోజు రాత్రి మా పక్క వీధి సుషీ హోటల్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేం ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. మా పక్క వీధిలో ఈ మధ్య చిన్న సుషీ హోటల్ పెట్టారు. ఐదారు టేబుళ్లు, వంట చేసేవాళ్లకి ఎదురుగా పొడుగాటి కౌంటర్, దాని ముందు నాలుగు కుర్చీలు, అంతే. వచ్చే శనివారం మా పెళ్లిరోజు. మా ఆవిడ ఫోన్‌లో జపాన్ సీరియళ్లు చూసి చూసి, ఒక్కసారైనా సుషీ తినాలంటోంది. నాకూ సరదాగానే ఉంది కానీ లోపల టెన్షన్. అమ్మానాన్నల్నీ, తొమ్మిదేళ్ల బాబునీ, పురిటికి వచ్చిన చెల్లినీ ఇంట్లో వదిలేసి మేమిద్దరమే వెళ్తే ఏం బాగుంటుంది? నాన్నకి షుగరు, బీపీ ఉన్నాయి. అమ్మ శనివారం నీచు ముట్టదు. అందర్నీ అక్కడికే తీసుకెళ్లొచ్చా, లేక మామూలుగా బిర్యానీకి పోవడమే మేలా? పచ్చి చేప తింటే ఆస్పత్రి పాలవుతావని ఆఫీసులో భయపెడుతున్నారు కూడా.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాబూ, ముందుగా మీ ఇద్దరికీ పెళ్లిరోజు శుభాకాంక్షలు. మీ ఉత్తరంలో రెండు విందులు కలగలిసిపోయాయి. ఒకటి మీ ఆవిడ ముచ్చట, రెండోది ఇంటిల్లిపాది భోజనం. శనివారం రాత్రి మీరిద్దరూ సుషీకి వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం అందర్నీ వెంటబెట్టుకుని, అమ్మగారు కూడా కడుపునిండా తినగలిగే చోటుకి బిర్యానీకో భోజనానికో వెళ్లండి. రెండింటినీ ఒకే రాత్రిలో ఇరికిస్తే ఎవరికీ తృప్తి ఉండదు.

ఎందుకంటే అలాంటి చిన్న చోట వడ్డన వేరే రకం. బిర్యానీ అయితే పెద్ద గిన్నె టేబుల్ మధ్యలోకి వస్తుంది, తలా కాస్త పెట్టుకుంటాం, కబుర్లు వాటంతట అవే నడుస్తాయి. సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నం ముద్ద మీద చేపో గుడ్డో పెట్టేది, లేదా ఆ అన్నాన్ని సముద్రపు నాచు రేకులో రోల్‌లా చుట్టేది. ఒక్కో ముద్దనీ చేత్తో ఒత్తాలి, ఒక్కో రోల్‌నీ చుట్టి కోయాలి. కౌంటర్ వెనక ఉండేది ఒకరో ఇద్దరో. ఆరుగురు ఒకేసారి ఆర్డరిస్తే మీ బాబు ప్లేటు ఖాళీ అయ్యాకగానీ నాన్నగారి ప్లేటు రాదు. ఈలోగా గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు మీ టేబుల్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటారు. పెద్దవాళ్లని అలా కూర్చోబెట్టి తొందరపెట్టడం నాకు నచ్చదు. అదే ఇద్దరికైతే ఆ చోటు ఎంతో బాగుంటుంది. పక్కపక్కన కౌంటర్ దగ్గర కూర్చుని, ఎదురుగా చేస్తుంటే చూస్తూ, ఒక్కో ప్లేటూ పంచుకుని, గంటలో లేచిపోవచ్చు.

ఇంట్లోవాళ్లని దృష్టిలో పెట్టుకున్నా నా మాట అదే. అమ్మగారికి కీరా రోల్ ఉంటుంది కదా అనుకుంటారు. చేపని చుట్టిన చాప మీదే దాన్నీ చుట్టి, చేపని కోసిన కత్తితోనే కోస్తారు. విడిగా చేయమని అడిగితే కొందరు చేస్తారు, కానీ అడగాలి. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూప్ చూడ్డానికి శాకాహారంలాగే ఉంటుంది గానీ, మామూలుగా దాని చారులో రుచంతా ఎండబెట్టి పొగబెట్టిన చేప తురుముదే. శనివారం నియమం పాటించే మనిషి చేత తెలియక అది తాగించకూడదు. నాన్నగారి విషయానికొస్తే, సుషీ అన్నంలో వెనిగర్‌తోపాటు పంచదారా, ఉప్పూ కలుపుతారు. సోయా సాస్ అయితే ఒక టేబుల్ స్పూన్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2000. చెల్లెలి సంగతిలో బేరమే లేదు. కడుపుతో ఉన్నవాళ్లు వండని చేప తినకూడదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, తల్లికి పైకి పెద్దగా తెలియకపోయినా లోపల బిడ్డకి ప్రమాదం. బాబుకి ఏ ఇబ్బందీ లేదు, రొయ్య టెంపురా (అంటే పిండిలో ముంచి వేయించిన) రోల్, గుడ్డు సుషీ ఇష్టంగా తింటాడు. వాడిని ఇంకోరోజు తీసుకెళ్లండి. వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద లేకుండా చేయమని మాత్రం ముందే చెప్పండి. అది చేప కిందా అన్నం పైనా రాసి ఉంటుంది, బయటికి కనబడదు.

ఇప్పుడు మీ ఆఫీసువాళ్ల భయం. అది కొట్టిపారేసే భయం కాదు, కాకపోతే గురి తప్పింది. నేను ఈ ఊళ్లో సముద్రపు చేపలు ఎగుమతి చేసే యూనిట్‌లో నాణ్యత చూసే ఉద్యోగం చేశాను కాబట్టి ఈ ముక్క కాస్త వివరంగా చెప్తాను.

మన విశాఖవాళ్లకి ఐసు చేప అంటే పాత చేప, బోటు దిగిన చేపే మంచి చేప. పులుసుకీ వేపుడికీ ఆ నమ్మకం సరైనదే. వండకుండా తినే చేపకి మాత్రం అది పనికిరాదు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండొచ్చు. వండితే చచ్చిపోతుంది. వండనప్పుడు బాగా గడ్డకట్టించి చంపాలి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెప్పే లెక్క మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గట్టిగా గడ్డకట్టాక 15 గంటలు. ఇంట్లో ఫ్రిజ్ పై అర ఆ పని చేస్తుందని నమ్మకండి. అందుకే 'ఈ పొద్దునే ఫిషింగ్ హార్బర్‌లో కొన్నామండీ' అని గర్వంగా చెప్పే చోట నేను పచ్చి చేప తినను. 'గడ్డకట్టించినదే తెప్పిస్తాం, ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరిగిస్తాం' అని చెప్పేవాళ్ల దగ్గర ధైర్యంగా తింటాను. పైగా మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మే నెలలో ఎవరైనా పొద్దున బోటు దిగిన ట్యూనా అంటే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. సాల్మన్ అయితే మన బంగాళాఖాతంలో దొరికేదే కాదు. ఎక్కువగా నార్వే లాంటి చలిదేశాల్లో పెంచినది, దూరం నుంచి చలిపెట్టెలోనే రావాలి. ఆ పెట్టె దారిలో ఎక్కడా వేడెక్కకుండా వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

గడ్డకట్టిస్తే పురుగు చస్తుంది గానీ బ్యాక్టీరియా అంతా చావదు, పెరగకుండా ఆగుతుందంతే. ట్యూనా, కానాగంత లాంటి చేపలు పట్టాక ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారైందంటే తర్వాత గడ్డకట్టించినా పోదు, వేయించినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడుతుంది, దద్దుర్లు లేస్తాయి, తల పగిలిపోతుంది. యూనిట్‌లో ట్యూనా దిగగానే మేం మొదట థర్మామీటర్ గుచ్చేది అందుకే. తర్వాత తోక దగ్గర సన్నటి గొట్టం దించి పెన్సిలంత కండ బయటికి తీసి, తెల్లకాగితం మీద పెట్టి వెలుతురులో చూసేవాళ్లం. మంచిదైతే ఎరుపు తేటగా, కాస్త వెలుతురు దూరేట్టు ఉంటుంది. పాతబడేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. కౌంటర్ అద్దం వెనక చేపని మీరూ అలాగే చూడండి. అంచులు ఎండి ముదురుగా మారాయా, అడుగున నీరు చేరిందా? ట్యూనా మరీ గులాబీరంగులో మెరిసిపోతుంటే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పట్టించి ఉండొచ్చు. అలాంటి చేప పాతబడినా రంగు మారదు, కాబట్టి రంగుని చూసి నమ్మకండి. ఇక బొచ్చె, రాగండి లాంటి మంచినీటి చేప ఎంత తాజాదైనా పచ్చిగా ముట్టొద్దు.

శనివారం దాకా ఆగకుండా ఈ వారంలోనే ఓ సాయంత్రం ఒక్కరూ వెళ్లి నిలబడి చూసి రండి. లోపలికి అడుగుపెట్టగానే నీచు వాసన కొట్టకూడదు. అన్నం, వెనిగర్ కలిసిన లేత పులుపు వాసన ఉంటే చాలు. గోడ మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. చేప ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా కరిగిస్తారు, కరెంటు పోతే ఫ్రీజర్‌కి జనరేటర్ ఉందా అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాళ్లు ఇష్టంగా చెప్తారు. విసుక్కుంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే. మెనూ కూడా చూడండి. సుషీ పక్కనే మోమోలు, పిజ్జాలు, నూడుల్స్ అన్నీ ఉంటే పచ్చి చేప రోజుకి ఎంత కదులుతుంది? ఎవరూ అడగక అది ఫ్రిజ్‌లో కూర్చుంటుంది. అంతమాత్రాన మీ ఆవిడ ముచ్చట మానుకోనక్కర్లేదు. ఉడికించిన రొయ్య, గుడ్డు, టెంపురా రోల్, కాల్చిన ఈల్ చేప ఇవన్నీ సుషీలే, వండినవే. మొదటిసారి తినేవాళ్లకి నిజానికి వాటితో మొదలుపెట్టడమే సుఖం.

శనివారం ఏడింటికల్లా వెళ్లిపోండి. ఎనిమిది దాటితే కుర్చీ దొరకదు. కౌంటర్ దగ్గరే కూర్చోండి. మొదట ఒకే ఒక్క కీరా రోల్ చెప్పండి. చేప లేనిది ఎందుకంటారా? సుషీకి ప్రాణం అన్నం. కీరా పక్కన అన్నం లోపం దాగదు. మెతుకులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నా విడిగా తెలియాలి, గోరువెచ్చగా ఉండాలి, నమిలితే పులుపు వెనక సన్నగా తీపి రావాలి. చల్లగా, పలుకుగా తగిలితే ఆ అన్నం ఫ్రిజ్‌లో ఉండి వచ్చిందన్నమాట. అప్పుడు ఇంకో వండిన ప్లేటు తిని, బిల్లు కట్టి లేచి రండి. అన్నం బాగుంటే సాల్మన్ చెప్పండి. రోల్‌కి పైన చుట్టే నోరి, అదే ఆ నల్లటి సముద్రపు నాచు రేకు, పళ్ల కింద చిటుక్కుమనాలి. మన ఊరి చెమ్మగాలికి అది నిమిషాల్లో మెత్తబడి సాగుతుంది. కాబట్టి ప్లేటు రాగానే ముందు తినండి, ఫోటోలు తర్వాత.

తినడానికిచ్చే పుల్లలు (చాప్‌స్టిక్స్) పట్టుకోవడం రాదని మొహమాటపడకండి. ఈ అన్నం ముద్ద మీద చేప పెట్టే పద్ధతి 1800ల మొదట్లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బళ్ల మీద పెరిగిన తిండి. జనం నిలబడి చేత్తో తినిపోయేవారు. 1958లో ఒసాకాలో ప్లేట్లు బెల్టు మీద తిరిగే హోటల్ పెట్టాక అది మరీ మామూలు జనం భోజనమైపోయింది. మీరూ చేత్తో తినండి. చేపవైపు మాత్రమే సోయా సాస్‌లో తాకించండి, అన్నంవైపు ముంచితే విడిపోతుంది, ఉప్పు కూడా ఎక్కువవుతుంది. ప్లేటు పక్కన పెట్టే ఊరేసిన అల్లం ముక్క ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోడానికి.

ఖర్చు గురించి ఒక్క మాట. ప్లేటు ధర చూసి ఊరుకోకుండా ఎన్ని ముక్కలో అడగండి. ముద్దలైతే మామూలుగా రెండు, రోల్ అయితే ఆరో ఎనిమిదో వస్తాయి. భోజనం బాగా తినే మనిషికి ఒక రోల్ ఏ మూలకీ చాలదు. ఇద్దరికీ కలిపి మూడు నాలుగు ప్లేట్లకి సిద్ధపడి వెళ్లండి, లేకపోతే పెళ్లిరోజు రాత్రి ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకోవాలి. ఎనిమిదిన్నరకి ఖాళీ అయిపోతారు కాబట్టి అటునుంచి బీచ్ రోడ్డుకి వెళ్లి, కుర్సురా జలాంతర్గామి దాకా నడవండి. మీ ఆవిడ అడిగింది సుషీయే అయినా, మీతో తీరిగ్గా ఓ సాయంత్రం గడపాలన్న కోరిక కూడా అందులో ఉందని నాకనిపిస్తోంది.

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం ఏ.యూ.లో చదువుతున్నాం. శనివారం సుషీ పార్శిల్ కట్టించుకుని ఆర్కే బీచ్‌లో కూర్చుని తినాలని ప్లాన్. ఓకేనా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: పచ్చి చేప ఉన్నది వద్దమ్మా. హోటల్లో కట్టి, ట్రాఫిక్‌లో తెచ్చి, ఇసుకలో కబుర్లు చెప్పుకుంటూ తినేసరికి గంట దాటిపోతుంది. మన సాయంత్రపు ఉక్కలో చేపకి అది మంచిది కాదు, నోరి తడిగుడ్డలా అయిపోతుంది. తప్పదంటే కీరా, గుడ్డు, వండిన రొయ్య రోల్స్ కట్టించుకుని, సోయా సాస్ విడిగా తీసుకుని, వెళ్లగానే తినేయండి. మిగిలింది హాస్టల్ ఫ్రిజ్‌లో దాచొద్దు. నన్నడిగితే మాత్రం తలా ఒక ప్లేటు హోటల్లోనే కూర్చుని తినేసి, బీచ్‌కి వెళ్లాక ముంత మసాలా కొనుక్కోండి.