వాహన సందేహాలు: ఎయిర్ సస్పెన్షన్‌ను ఏ ఎత్తులో ఉంచాలి?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద ఎస్‌యూవీ కొన్నాను. మన రోడ్లకు ఎప్పుడూ పై ఎత్తులోనే ఉంచుకొమ్మని అమ్మినవారు చెప్పారు. కానీ అలా నడిపితే గతుకుల్లో మరింత గట్టిగా కొడుతోంది. ఎత్తు పెంచితే గాలి ఒత్తిడి పెరిగి బిగుసుకుంటుందా? (దేవరకొండ పాఠకుడు)

జవాబు: ఎయిర్ సస్పెన్షన్‌లో ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు బండి బరువును మోస్తాయి. ఎత్తు పెంచినప్పుడు సంచిలోకి అదనంగా గాలి చేరే మాట నిజమే కానీ, ఒత్తిడి మాత్రం పెద్దగా పెరగదు. మెకానిక్కులు బెల్లో అని పిలిచే ఆ రబ్బరు సంచిలో ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయించేది దాని మీద పడే బరువు. మీరు డిక్కీ నిండా బత్తాయి బస్తాలు వేశారనుకోండి, వెనుక భాగం కుంగిన సంగతిని చక్రం దగ్గరి సెన్సర్ పసిగట్టి, కంప్రెసర్ చేత గాలి పట్టించి బండిని మళ్లీ పాత ఎత్తుకు తెస్తుంది. అప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. బరువు మారకుండా ఎత్తు మాత్రమే పెంచితే సంచి సాగి ఎక్కువ గాలిని పట్టుకుంటుంది, అంతే.

మరి కుదుపు ఎందుకంటే, చక్రం పైకీ కిందికీ కదలడానికి ఉన్న జాగా పరిమితమైనది. బండిని పూర్తిగా లేపినప్పుడు చక్రం కిందికి దిగగలిగిన దూరంలో చాలా భాగం ముందే ఖర్చయిపోతుంది కనుక, గుంత రాగానే చక్రం చివరి హద్దు దాకా జారి ఠక్కున ఆగుతుంది, ఆ దెబ్బ బాడీకి తగులుతుంది. మునివేళ్ల మీద నడిచే మనిషి మెట్టు దిగినట్టుంటుంది ఆ పరిస్థితి. పైగా చక్రాలకు శక్తినిచ్చే యాక్సిల్ షాఫ్టుల జాయింట్లు ఎక్కువ వాలులో తిరిగి త్వరగా అరుగుతాయి, మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది. అందువల్ల అమ్మినవారి సలహాను పక్కన పెట్టడమే మంచిది.

ఎత్తు దేనికో చెప్పడానికి ల్యాండ్ రోవర్ డిఫెండర్ లెక్క ఉపయోగపడుతుంది. మామూలు ఎత్తు కంటే ఆఫ్‌రోడ్ సెట్టింగులో 75 మిల్లీమీటర్లు లేస్తుంది, మరీ కష్టమైన చోట ఇంకో 70 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఎక్కి దిగేటప్పుడు 50 మిల్లీమీటర్లు కుంగుతుంది. మీ వాహనం అంకెలు వేరు కావచ్చు, వాడే పద్ధతి మాత్రం ఇదే: తోటలోకి వెళ్లే మట్టి బాటలో, వాగు దాటేటప్పుడు, అడుగు తగిలే ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా పై సెట్టింగు, తారు రోడ్డెక్కగానే మామూలు సెట్టింగు. వేగం ఒక హద్దు దాటితే ఇలాంటి చాలా వాహనాలు తమంతట తామే కిందికి దిగుతాయి.

ప్రశ్న: రాత్రి సమంగా నిలిపిన బండి తెల్లవారేసరికి ముందు కుడివైపు కుంగి ఉంటోంది. స్టార్ట్ చేస్తే లేస్తోంది. అలాగే నడుపుకోవచ్చా? (జడ్చర్ల పాఠకుడు)

జవాబు: వద్దు. చలికి గాలి కుంచించుకుని నాలుగు వైపులా కాస్త దిగితే పట్టించుకోనక్కరలేదు కానీ, ప్రతి రోజూ ఒకే మూల కుంగడం లీకేజీకి గుర్తు. సబ్బు నీళ్లు రాసి సంచి మడతల్లోనూ పైపు జాయింట్ల దగ్గరా వాల్వుల దగ్గరా బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. రబ్బరు పగుళ్లు ఎక్కువగా మడత పడే చోటే వస్తాయి, అక్కడే దుమ్ము కూడా పేరుకుంటుంది. ఆలస్యం చేస్తే, తగ్గిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి, వేడెక్కి కాలిపోతుంది. అప్పుడు సంచి ఖర్చుకు దాని ఖర్చు తోడవుతుంది. హైదరాబాద్–బెంగళూరు రహదారిపై మీ ఊరి పక్కగా వెళ్లే వోల్వో బస్సుల కింద ఉండేదీ గాలి సంచులే కనుక, ఆ పని తెలిసిన మెకానిక్‌కు లీకేజీ కనిపెట్టడం కొత్త కాదు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదవడానికి మాత్రం ఆ వాహనానికి తగిన స్కానర్ కావాలి.

పరీక్షించేటప్పుడు కేవలం గాలి మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. బాడీకి గట్టి స్టాండ్లు పెట్టాల్సిందే. జాక్ ఎత్తే ముందు, బండి ఎత్తును దానంతట అదే సరిచేసే ఆటోమేటిక్ లెవలింగును ఆపేయండి. లేకపోతే చక్రం వేలాడగానే ఆ మూల ఎత్తు మరీ పెరిగిందని భావించి సిస్టమ్ గాలి వదిలేస్తుంది, జాక్ తీసేసరికి ఆ మూల పూర్తిగా కూలబడుతుంది.