నోటరీ అగ్రిమెంటు మీద 15 లక్షల బయానా ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. మొదటిసారి ఇల్లు కొంటున్నాను. మియాపూర్‌లో పన్నెండేళ్ల నాటి ఫ్లాటును 68 లక్షలకు మాట్లాడుకున్నాం. యజమానికి దాని మీద ఇంకా 19 లక్షల బ్యాంకు అప్పు ఉంది, అసలు పత్రాలు బ్యాంకులోనే ఉన్నాయి. నేను 15 లక్షలు బయానా ఇస్తే, మరో నాలుగు లక్షలు తాను కలిపి అప్పు తీర్చి పత్రాలు తెస్తానని, అంతవరకు వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి నోటరీ చేయిస్తానని ఆయన అంటున్నారు. 20 లక్షలు నగదుగా ఇచ్చి 48 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఖర్చు తగ్గుతుందని మధ్యవర్తి చెబుతున్నారు. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ కనిపించలేదు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: ఫ్లాటు కొనవచ్చు, కానీ ఆయన చెప్పిన పద్ధతిలో డబ్బు ఇవ్వకూడదు. బ్యాంకు అప్పు ఉందన్న సంగతి నన్ను అంతగా కలవరపెట్టలేదు; అప్పున్న ఫ్లాట్లు రోజూ చేతులు మారుతూనే ఉంటాయి. చిక్కల్లా ఆ అప్పు తీర్చే డబ్బు ముందుగా అమ్మకందారు చేతికి వెళ్లడంలోనూ, దానికి బదులుగా మీ చేతికి వచ్చే కాగితంలోనూ ఉంది.

నోటరీ చేసే పని సంతకం పెట్టింది ఆ వ్యక్తేనని ధ్రువీకరించడం; దానివల్ల ఒప్పందం రిజిస్టరైనట్టు కాదు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం ఎంత పకడ్బందీగా రాసుకున్నా అది ఆస్తి మీద మీకు యాజమాన్యాన్ని ఇవ్వదు, అది వచ్చేది రిజిస్టరైన సేల్ డీడు (అమ్మకపు దస్తావేజు)తోనే. జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చినా అంతేనని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పైగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో అమల్లోకి వచ్చిన సవరణ వల్ల తెలుగు రాష్ట్రాల్లో స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించడం తప్పనిసరి. రిజిస్టరు కాని ఒప్పందం పూర్తిగా వృథా అని నేను అనను. ఒప్పందాన్ని అమలు చేయించమని కోరుతూ వేసే దావాలో దాన్ని సాక్ష్యంగా చూపడానికి రిజిస్ట్రేషన్ చట్టంలోని 49వ సెక్షన్ వీలు కల్పించింది. అయితే ఈలోగా ఆయన అదే ఫ్లాటును మరొకరికి రిజిస్టరు చేసిస్తే, మీ ఒప్పందం సంగతి తెలియక, సొమ్ము చెల్లించి, సద్బుద్ధితో కొన్నానని ఆ వ్యక్తి నిరూపించుకోగలిగితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 19వ సెక్షన్ రక్షణ ఆ కొన్న వ్యక్తికే దక్కుతుంది. మీకు మిగిలేది బయానా వాపసు కోసం కోర్టు చుట్టూ తిరగడమే. ఒప్పందం రిజిస్టరై ఈసీలోకి ఎక్కితే మాత్రం, తెలియదనే వాదన నిలవదు. అందుకే రిజిస్టర్డ్ అగ్రిమెంటు కోసం నేను ఇంతగా పట్టుబడతాను.

ఇక డబ్బు సంగతి. ఫలానా తేదీకి ఎంత కడితే అప్పు పూర్తిగా తీరుతుందో తెలిపే లేఖను, తమ దగ్గరున్న పత్రాల జాబితాను ఆయన చేత బ్యాంకు నుంచి తెప్పించండి. తన వంతు నాలుగు లక్షలు కట్టిన రసీదు చూశాక, అగ్రిమెంటు రిజిస్టరైన రోజున, మీ 15 లక్షలను ఆయన సేవింగ్స్ ఖాతాలో కాకుండా నేరుగా ఆ రుణ ఖాతాలోనే జమ చేయండి. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రుణగ్రహీతకు రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో బ్యాంకులను ఆదేశించింది. కాబట్టి సేల్ డీడుకు రెండు మూడు నెలల గడువు పెట్టుకోవడం మంచిది. హక్కు పత్రాల్లో లోపం బయటపడితే బయానా మొత్తం వడ్డీతో వాపసు ఇవ్వాలన్న షరతును మరవకండి. మధ్యవర్తులు రాయించే అగ్రిమెంట్లలో, కొనేవారు వెనక్కి తగ్గితే బయానా పోతుందన్న వాక్యం ఒక్కటే ఉండటం తరచూ చూస్తుంటాను.

ఈసీలో ఏమీ కనిపించలేదన్న మీ మాట దగ్గర కాస్త ఆగాలి. ఫ్లాటు మీద 19 లక్షల అప్పుందని యజమానే ఒప్పుకుంటున్నా ఈసీ శుభ్రంగా ఉందంటే, ఆ కాగితం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో మీకే అర్థమవుతుంది. హక్కు పత్రాలు బ్యాంకులో ఉంచి తీసుకునే అప్పులో, రిజిస్ట్రేషన్ జరగకపోయినా తాకట్టు చెల్లుతుంది. వీలునామాలు, పెండింగులో ఉన్న దావాలు, నోటిమాటగా జరిగిన పంపకాలు కూడా ఈసీలో కనిపించవు. అందువల్ల బ్యాంకు తాకట్టుల కోసం సెర్సాయ్ పోర్టల్‌లోనూ, దావాల కోసం ఈ-కోర్ట్స్‌లోనూ వెతికించండి. అపార్టుమెంటును స్థల యజమాని, బిల్డరు వాటాల మీద కట్టి ఉంటే, డెవలప్‌మెంట్ అగ్రిమెంటునూ, ఆ తర్వాత ఫ్లాట్లు పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటునూ చదివి ఈ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో తేల్చుకోవాలి. ఒకరి వాటా ఫ్లాటును మరొకరు అమ్మేస్తే ఆ లోపం తర్వాత కొన్నవారందరినీ వెంటాడుతుంది. మంజూరైన ప్లానులో మీ అంతస్తు ఉందో లేదో, కట్టడం నివాసానికి తగినదని తెలిపే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందో లేదో కూడా చూడండి.

నగదు సలహాను మాత్రం నిర్మొహమాటంగా తోసిపుచ్చండి. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కాబట్టి 20 లక్షలు దాచితే మిగిలేది లక్షన్నర. దానికోసం పోగొట్టుకునేది చూడండి. ఈ స్థాయి గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదు. 68 లక్షల మీద 54.4 లక్షల దాకా అప్పు రావచ్చు, 48 లక్షల మీద 38.4 లక్షలే, అంటే 16 లక్షలు అదనంగా మీ జేబులోంచి తీయాలి. రేపు మీరు అమ్మినప్పుడు దాచిన 20 లక్షలు మీ లాభంగానే లెక్కకు వస్తాయి, దాని మీద ఇప్పటి 12.5 శాతం రేటు ప్రకారం పన్నే రెండున్నర లక్షలు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడేది తీసుకున్నవారికే అన్నది నిజమే. కానీ బేరం చెడి మీరు దావా వేస్తే, రెండు లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని చెప్పే దావాల సమాచారాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించి ఉంది.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి బయానాతో సహా ప్రతి చెల్లింపులోనూ ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే, అమ్మకందారు తరఫు ఆదాయపు పన్ను) మినహాయించి, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోగా మీరే ప్రభుత్వానికి కట్టాలి. అంటే 15 లక్షల్లో రుణ ఖాతాకు వెళ్లేది 14,85,000 రూపాయలే, తేడా 15,000 యజమాని సర్దుకోవాలని ముందే చెప్పండి. ఆయన విదేశంలో నివసించే వ్యక్తి అయితే ఈ లెక్క చెల్లదు, మినహాయింపు చాలా ఎక్కువగా ఉంటుంది. చివరి చెల్లింపును సేల్ డీడు రోజుకే ఉంచి, బ్యాంకు ఇచ్చిన జాబితాతో సరిచూసుకున్న అసలు పత్రాలు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ, ఆస్తి పన్ను, కరెంటు బిల్లుల రసీదులు, అసోసియేషన్‌కు బకాయిలు లేవన్న కాగితం తాళాలతో పాటే తీసుకోండి.