ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు: అప్‌డేట్ నొక్కే ముందు

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి చంటికి ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్) కూడా పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే. అప్‌డేట్లకి భయపడి వాటిని ఆపేసుకుని మాత్రం కూర్చోకు. దెబ్బ తగిలేదల్లా ఆ రెండూ కలిసి వాడుకునే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (సిస్టమ్‌లని మొదలుపెట్టే ఫైళ్లుండే డిస్క్ భాగం) దగ్గర, బయోస్ (మెషీన్ ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగుల దగ్గర.

ముందు బిట్‌లాకర్ సంగతి చూడు, అది డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, నువ్వు అడక్కపోయినా డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. తర్వాత బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే సెట్టింగు) మార్చావో, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఇవాళే కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. అదే ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకోవడమంటే తాళంచెవి లోపల వదిలేసి తలుపేసుకోవడమే. బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యి.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో ఉబుంటు సీ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. బలవంతాన రాయించావంటే ఫైళ్లు చెడతాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత అది మళ్లీ ఆన్ అయిందేమో ఓసారి చూసుకో.

అప్‌డేట్ అయ్యాక ఉబుంటు కనిపించకపోతే మాయమైపోయిందనుకోకు. షాపుకి పట్టుకెళ్లావంటే ఫార్మాట్ కొట్టి ఇస్తారు. బయోస్‌లోకెళ్లి బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ పైకి ఉబుంటుని జరుపు, చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే ఉబుంటు మెనూ) విండోసే లేకపోతే కారణం వేరు. గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో దాన్ని ఆపే లైనుకి ఫాల్స్ అని పెట్టి, టెర్మినల్‌లో అప్‌డేట్-గ్రబ్ (update-grub) కమాండ్ నడుపు.

2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ చాలామందిని ఇబ్బంది పెట్టింది. ఉబుంటు ఎక్కబోతే షిమ్ (ఉబుంటుని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్ అయిందంటూ మెషీన్ ఆగిపోయేది. పాత బూట్‌లోడర్లని అడ్డుకోవడానికి పెట్టిన నియమం డ్యూయల్ బూట్ మెషీన్ల మీద కూడా పడింది. మైక్రోసాఫ్ట్ దాన్ని 2025 మేలో సరిచేసింది. పాత మెషీన్‌లో ఇప్పుడు ఎదురైనా మందు అదే: సెక్యూర్ బూట్ ఆపి ఉబుంటులోకెళ్లు, టెర్మినల్‌లో మోక్‌యుటిల్ (mokutil) కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని, అంటే ఆ నియమాన్ని, డిలీట్ చెయ్యి, ఓసారి మళ్లీ ఉబుంటులోకే రీస్టార్ట్ అవ్వు, ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి. ఎప్పటికీ ఆపేసి ఉంచడం నాకు నచ్చదు.

ఈఎఫ్‌ఐ పార్టిషన్ 100 ఎంబీయే ఉంటే పెద్ద అప్‌డేట్లు చోటు చాలక ఆగిపోవచ్చు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసే రోజున 500 ఎంబీ ఇవ్వు. ఉన్నదాన్ని సాగదీసే పని మాత్రం బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకు. డెస్క్‌టాప్ అయితే ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో ఎస్‌ఎస్‌డీ పెట్టెయ్యి, గొడవే ఉండదు.

విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కిపోతే మదర్‌బోర్డు బ్యాటరీ మార్చకు. ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో timedatectl కమాండ్‌తో ఆ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మార్చు.

అక్టోబరు, నవంబరుల్లో మన విశాఖకి తుపానులు మామూలే, కరెంటుని నమ్మలేం. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ కూడా పెట్టి ఉంచు. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి ఉబుంటు నడుస్తుంది) ఒకటి, 8 జీబీది చాలు, చేసి బ్యాగులో పడేసుకో.

ఇట్లు,
పెదనాన్న