సూదిలో దారం ఎక్కకపోవడానికి కారణం షుగరేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 43. ఇంట్లోనే మిషన్ కుడతాను. మూడు నెలల కిందట క్యాంపులో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ అన్నారు. మా అమ్మకి షుగర్‌తో కాలి వేలు తీసేశారు, ఆ భయం నాకెప్పుడూ ఉంది. మా వదిన వాడే గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. షుగర్ మాత్ర సగం చేసి కొన్నాళ్లుగా పొద్దున్నే వేసుకుంటున్నాను. పదకొండయ్యేసరికి చెమటలు పట్టి, చేతులు వణికి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. షుగర్ పెరిగిపోతోందేమోనని రాత్రిళ్లు నిద్ర లేదు. పెళ్లిళ్లకి కూడా వెళ్లడం లేదు. నెలసరి కూడా ఎక్కువగానే అవుతోంది. అన్నం పూర్తిగా మానేసి మూడు పూటలా చోడి (రాగి) అంబలి తాగొచ్చా?

జవాబు: అంబలి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సగం మాత్ర ఆపేయండి. ఏ డాక్టరూ రాయని మాత్ర, మానడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన వణుకూ చెమటా షుగర్ పెరిగితే వచ్చేవి కావు, పడిపోతే వచ్చేవి. గ్లిమిపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతాన వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. పొద్దున్న మాత్ర, పైన బహుశా గ్లాసుడు పల్చటి అంబలి, ఆ తర్వాత మూడు గంటలు మిషన్ తొక్కుడు. పదకొండుకి చెయ్యి వణక్కేం చేస్తుంది? ఈసారి అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, లేదా మీటర్ అందుబాటులో లేకపోతే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటాగి మళ్లీ చూసుకోండి. స్పృహ తప్పేలా ఉంటే ఆసుపత్రికే. షుగర్ మామూలుగా ఉండి కూడా వణుకు వస్తుంటే థైరాయిడ్ లాంటివి చూడాలి.

వదిన మాత్ర వదినకి. ఆవిడ బరువు, కిడ్నీలు, తిండి వేళలు చూసి రాసిన మోతాదది. ప్రీడయాబెటిస్‌కి ఈ మందు వాడం. కొందరికి మెట్‌ఫార్మిన్ అనే వేరే షుగర్ మందు ఇస్తాం, అదీ పరీక్షించాకే. చీటీ లేకుండా స్ట్రిప్ చేతిలో పెట్టే షాపులు ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకి ఇటూ ఉన్నాయి, అటు పాతపట్నం వైపూ ఉన్నాయి. నా ఓపీలో వారానికి ఒకరైనా ‘పక్కింటాయనకి బాగా పనిచేసింది డాక్టర్’ అంటూ వస్తారు. చదువుకున్నవాళ్లే ఎక్కువ. కోప్పడుతున్నాననుకోకండమ్మా.

ఇక ఆ 6.1. దాన్ని నేను పూర్తిగా నమ్మను. మాత్ర క్యాంపుకి ముందు మొదలెట్టారా, తర్వాతా? రాయలేదు. ముందే అయితే అసలు అంకె మందు చాటున దాక్కుని ఉండొచ్చు. నెలసరి ఎక్కువంటున్నారు, ఐరన్ తగ్గి రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. మన ఒడిశా వైపు కొన్ని కుటుంబాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఎర్ర రక్తకణాల జబ్బు) కూడా ఉంది, దానితోనూ ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. మాత్ర మానిన రెండు వారాలకి పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి ఒకసారి రక్తం ఇవ్వండి. పరగడుపున 126, లేదా రెండు గంటలకి 200 దాటితే షుగర్ అనుమానం గట్టిదే; ఇంకోసారి చూసి నిర్ధారిస్తారు. పరగడుపున 100 లోపు, రెండు గంటలకి 140 లోపు ఉంటే మీకు ప్రీడయాబెటిసే లేకపోవచ్చు. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. నెలసరి గురించి గైనకాలజిస్టుని కలవండి, అది వాయిదా వేసేది కాదు.

ప్రీడయాబెటిస్‌లో చాలామందికి ఏ బాధా తెలియదు. మీ నిద్రా పనీ చెడగొడుతున్నవి ఆ మాత్రా, మీ భయమూ అనే నా అనుమానం. దేశంలో 13 కోట్ల మందికి పైగా ప్రీడయాబెటిస్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క. వాళ్లందరికీ వేలు తీసెయ్యరు. మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి ముప్పు ఉన్నమాట నిజం. రోజూ అరగంట నడక, బరువు ఎక్కువుంటే కొంత తగ్గడం, ఏడాదికోసారి పరీక్ష.

అంబలి. చోడి అంబలి అనండి, మండియా జావు అనండి, అదీ పిండి పదార్థమే. జావగా కాస్తే ఇంకా త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది. ఒక పూట తాగండి, పక్కన గుడ్డో ఉడకబెట్టిన శనగలో ఉండాలి. మిగతా పూటలు అన్నం సగానికి తగ్గించి పప్పూ కూరా పెంచండి. పెళ్లికి వెళ్లండి, బూరె ఒకటి తింటే ఏమీ కాదు. మళ్లీ రాసేటప్పుడు హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో తప్పకుండా రాయండి.