ఈ కాల్ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: గో ప్రోగ్రామింగ్ భాషలో నెట్/ఆర్‌పీసీ ప్యాకేజీతో (ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌లోని మెథడ్‌ను పిలిచేందుకు వాడేది) ఒక సర్వర్ రాశాను. మా బ్రాంచీల కంప్యూటర్లు దానికి కనెక్ట్ అయి స్టాకు వివరాలు పంపుతాయి. ఏ కాల్ ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చిందో లాగ్‌లో రాయాలనుకుంటే, నా మెథడ్‌కు ఆర్గ్యుమెంట్, రిప్లై తప్ప మరేమీ అందడం లేదు. క్లయింటే తన అడ్రసును ఆర్గ్యుమెంట్‌లో పెట్టి పంపేలా మార్చవచ్చా?

జవాబు: దయచేసి అలా మార్చకండి. క్లయింట్ తన గురించి తాను చెప్పుకొన్నది లాగ్‌లో సాక్ష్యంగా నిలవదు. పైగా నాట్ రూటర్ (పలు కంప్యూటర్లను బయటికి ఒకే అడ్రసుతో చూపించే పరికరం) వెనుక ఉన్న కంప్యూటర్‌కు, బయటికి తాను ఏ అడ్రసుతో కనిపిస్తున్నదో సాధారణంగా తెలియదు.

మీ మెథడ్‌లో లోపమేమీ లేదు. ఆ ప్యాకేజీ మెథడ్‌కు రెండే ఆర్గ్యుమెంట్లను అనుమతిస్తుంది, కనెక్షన్ వివరాలకు అందులో చోటు లేదు. కొత్త సదుపాయాలు చేర్చబోమని దాని డాక్యుమెంటేషన్ కూడా చెబుతోంది. అయితే ఆ వివరాలు మీ ప్రోగ్రామ్‌లోనే మరోచోట, అంటే లిజనర్ కనెక్షన్‌ను యాక్సెప్ట్ చేసే లూప్‌లో, మీ చేతికి వస్తున్నాయి. అక్కడ కనెక్షన్‌పై రిమోట్‌యాడర్ మెథడ్‌ను పిలిస్తే "10.0.0.7:53412" వంటి విలువ దొరుకుతుంది. దానిని ఒక ఫీల్డుగా పెట్టుకున్న సర్వీస్ ఆబ్జెక్టును ఆ కనెక్షన్ కోసమే తయారుచేసి, న్యూసర్వర్‌తో సృష్టించిన విడి సర్వర్‌లో రిజిస్టర్ చేసి, ఆ కనెక్షన్‌పై వచ్చే కాల్స్‌ను అందుకునే సర్వ్‌కాన్‌ను ప్రత్యేక గోరొటీన్‌లో (గోలో మిగతా పనులతో పాటు ఏకకాలంలో నడిచే పని) నడపండి. ఇక మీ మెథడ్ తన రిసీవర్‌లోని ఫీల్డును చదువుకుంటే చాలు. ఒకే డిఫాల్ట్ సర్వర్‌లో అదే పేరుతో మళ్లీ రిజిస్టర్ చేయబోతే, సర్వీస్ ఇప్పటికే ఉందన్న ఎర్రర్ వస్తుంది. విడి సర్వర్ అవసరం అందుకే. కనెక్షన్ ముగిసినప్పుడు సర్వ్‌కాన్ తిరిగి వస్తుంది కాబట్టి, బ్రాంచి డిస్‌కనెక్ట్ అయిన సమయాన్ని ఆ తర్వాతి లైనులోనే రాసుకోవచ్చు. ఒకే కనెక్షన్‌పై వచ్చే కాల్స్ కూడా వేర్వేరు గోరొటీన్లలో ఏకకాలంలో నడుస్తాయి. అడ్రసును చదవడం వరకు ఇబ్బంది లేదు గానీ, ఆ ఆబ్జెక్టులో మారే విలువలు ఉంచితే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క గోరొటీన్‌నే అనుమతించే తాళం) తప్పనిసరి.

ఇక్కడొక హెచ్చరిక చేయక తప్పదు. ఆ అడ్రసు బ్రాంచికి గుర్తింపు కాదు. నాట్ వెనుక ఉన్న పది కంప్యూటర్లు ఒకే ఐపీతో కనిపించవచ్చు. మధ్యలో ప్రాక్సీ తరహా లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను తాను అందుకుని సర్వర్లకు పంచే మధ్యవర్తి) ఉంటే మీకు కనిపించేది దాని అడ్రసే. ఏ బ్రాంచి ఈ స్టాకును మార్చిందన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు కావాలంటే, ఒక్కొక్క బ్రాంచికి ఒక సర్టిఫికెట్ ఇచ్చి, టీఎల్‌ఎస్‌లో (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) క్లయింట్ సర్టిఫికెట్‌ను తప్పనిసరిగా తనిఖీ చేయించండి. హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో ఇరువైపుల మధ్య జరిగే టీఎల్‌ఎస్ ఒప్పందం) పూర్తయ్యాకే సర్టిఫికెట్ వివరాలు అందుబాటులోకి వస్తాయి కనుక, సర్వ్‌కాన్‌కు ముందు, ఆ గోరొటీన్‌లోనే హ్యాండ్‌షేక్‌ను పిలిచి, సర్టిఫికెట్‌లోని పేరును కూడా అదే ఆబ్జెక్టులో పెట్టండి.

సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి రాసే వీలుంటే జీఆర్‌పీసీని (ఇలాంటి కాల్స్ కోసమే ఉన్న మరో వ్యవస్థ) ఎంచుకోమంటాను. అందులో ప్రతి మెథడ్‌కూ కాంటెక్స్ట్ (ఆ కాల్ వివరాలను మోసుకొచ్చే ఆబ్జెక్టు) అందుతుంది, పీర్ ప్యాకేజీ దాని నుంచి అడ్రసును, టీఎల్‌ఎస్ వివరాలను నేరుగా తీసి ఇస్తుంది.