ఐదు సీసాలు, ఆరుగురు మనుషులు

బీరు కర్మాగారం ప్రయోగశాలలో 28 ఏళ్లు పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న మా రచయిత్రి ఈ వారం పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: నమస్కారం మేడం. మా అబ్బాయి, కోడలు బెల్జియంలో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులకు వస్తూ ఐదు సీసాల బీరు తెచ్చారు. ఒకటి హోగార్డెన్ తెల్ల బీరు, మిగతావి గ్యూజ్, ఓర్వాల్, వెస్ట్‌మాల్ ట్రిపెల్, రోష్‌ఫోర్ 10. "గటగట తాగేవి కావు నాన్నా, అందరం కూర్చుని కొంచెం కొంచెం రుచి చూద్దాం" అంటున్నాడు మావాడు. ఎప్పుడైనా స్నేహితులతో తాగడమే గానీ ఇంట్లో నేను ఏనాడూ తాగలేదు. ఆదివారం మా బావమరిది కూడా వస్తున్నాడు. నా భార్యకు, మా అమ్మకు అలవాటు లేదు. వాళ్ల ఎదుట సీసాలు పెట్టుకుని కూర్చోవడం మర్యాదేనా? ఏది ముందు తెరవాలి? పక్కన ఏమి పెట్టాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ అమ్మగారి సంగతి, మీ శ్రీమతి సంగతి. వాళ్లిద్దరినీ మీరే స్వయంగా అడగండి. ఇష్టం లేదంటే మేడ మీద కూర్చోండి, రెండోసారి బతిమాలవద్దు. సరేనంటే మాత్రం వాళ్లను వంటింట్లో వదిలేసి మీరు నలుగురూ హాల్లో చేరకండి. పక్కనే కుర్చీలు వేయండి. వాళ్ల చేతికీ ఒక్కొక్క గ్లాసు ఇవ్వండి, వాసన చూడడానికి.

ఎందుకు చెబుతున్నానంటే, 2014లో నేను, మావారు బ్రస్సెల్స్ నుంచి వస్తూ ఒక తెల్ల బీరు సీసా తెచ్చుకున్నాం. మా అత్తగారు జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి. గ్లాసులో పోసి, లోపలికి వెళ్లి తుడిచే గుడ్డ తెచ్చేసరికి ఆవిడ ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. "ధనియాలు వేశారా దీంట్లో?" అన్నారు. మరోసారి పీల్చి, "వేయించలేదు, పచ్చివే దంచారు. ఎండిన నారింజ తొక్క కూడా ఉంది" అన్నారు. నేను అలాగే నిలబడిపోయాను. హోగార్డెన్ అనే ఊళ్లో 1957లో ఆగిపోయిన ఆ బీరును పియర్ సెలిస్ అనే పాల వ్యాపారి 1966లో మళ్లీ కాచడం మొదలుపెట్టాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మొలకెత్తించని గోధుమలు, ధనియాలు, ఎండు నారింజ తొక్క అందులో దినుసులు. చుక్క నోట్లో వేసుకోకుండానే మా అత్తగారు అందులో సగం చెప్పేశారు. యాభై ఏళ్లు పోపు డబ్బా ముందు నిలబడ్డ ముక్కు అది. మీ ఇంట్లోనూ అలాంటివి రెండు ఉన్నాయి, వాటిని పక్కన పెట్టి రుచి చూడడమేమిటి?

ఇక సీసాలు. విజయవాడ ఎండలకు వాటిని అలమర మీద ఉంచకండి. రెండు రోజుల ముందే ఫ్రిజ్‌లో నిలువుగా నిలబెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. పాలు తాగే గ్లాసులు వద్దు. ఎంత తోమినా అంటుకుని ఉండే కొవ్వు నురగను చంపేస్తుంది, నురగ పోతే వాసన నిలవదు. గాజు గ్లాసులను వేడినీళ్లతో రెండుసార్లు కడిగి బోర్లించండి, గుడ్డతో తుడవవద్దు.

తెల్ల బీరుతో మొదలుపెట్టండి. అది చల్లగానే బాగుంటుంది. అడుగున ఉన్నదాన్ని తిప్పి కలిపి పోసేది ఈ ఐదింటిలో ఇదొక్కటే.

రెండోది గ్యూజ్. మీ బావమరిది ఒక గుక్క తాగి "ఇది పాడైపోయింది బావా" అనే అవకాశం ఉంది, కాబట్టి కథ ముందే చెప్పండి. తాటికల్లులో ఎవరూ ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, కలపరు. చెట్టు మీది లొట్టిలోకి అదే వచ్చి చేరుతుంది, తెల్లవారుజామున తియ్యగా ఉన్నది ఎండెక్కేసరికి పులుస్తుంది. గ్యూజ్‌కు మూలమైన లాంబిక్ బీరూ అంతే. బ్రస్సెల్స్‌లో 1900లో మొదలైన కాంటియోన్ అనే బ్రూవరీకి వెళ్లినప్పుడు అటక మీద ఒక పెద్ద రాగి తొట్టి చూశాను. గది వెడల్పున పరిచినట్టు ఉంటుంది, లోతు మాత్రం తక్కువ. కాచిన ద్రవాన్ని చలికాలపు రాత్రి అందులో పోసి వదిలేస్తారు. గాలిలోని ఈస్ట్, బాక్టీరియా తెల్లారేలోగా దాన్ని అంటుకుంటాయి. వేసవిలో పనికిరాని క్రిములు ఎక్కువ కాబట్టి అప్పుడు కాచరు. తరువాత చెక్క పీపాలలో ఏళ్ల తరబడి ఊరుతుంది. ఒక ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తే అక్కడ మళ్లీ పులిసి పొంగు పుడుతుంది, అదే గ్యూజ్. ఇంత ఓపికతో చేసిన పులుపును పాడైపోయిందంటే నాకు బాధగా ఉంటుంది. కార్కు మూత ఉంటే తీసేటప్పుడు సీసాను ఎవరి ముఖం వైపూ పెట్టకండి.

తరువాత ఓర్వాల్. ఇది, వెస్ట్‌మాల్, రోష్‌ఫోర్ మూడూ ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాల బీర్లు. మఠం ఆవరణలోనే సన్యాసుల పర్యవేక్షణలో తయారైతేనే ఆ ముద్ర వేస్తారు. ఓర్వాల్ సీసాలో నింపిన తేదీ చీటీ మీద ఉంటుంది, చూడండి. కొత్తదైతే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) చేదు ముందుకొస్తుంది, నెలలు గడిస్తే ఎండుగడ్డి, తోలు లాంటి వాసన పైకి తేలుతుంది. తరువాత వెస్ట్‌మాల్ ట్రిపెల్, చివరన రోష్‌ఫోర్. ఈ రెండింటినీ పోయడానికి పది నిమిషాల ముందు ఫ్రిజ్ నుంచి బయట పెట్టండి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి డబ్బంతా దండగ.

బావమరిదికి ఒక లెక్క చెప్పండి. రోష్‌ఫోర్ 10లో ఆల్కహాలు 11.3 శాతం. అంటే ఆ చిన్న 330 మిల్లీలీటర్ల సీసాలో 37 మిల్లీలీటర్లు. మన దుకాణంలో దొరికే 5 శాతం పెద్ద సీసా, 650 మిల్లీలీటర్లది, మొత్తం తాగినా అందులో ఉండేది 32 పైచిలుకే. మీ ఐదు సీసాలూ నలుగురూ సమంగా పంచుకుంటే ఒక్కొక్కరికి దాదాపు ఆ పెద్ద సీసా ఒకటి తాగినంత. అది మూడు గంటల మీద, భోజనంతో పాటు, మధ్యమధ్య మంచినీళ్లతో సాగాలి. ఒక్కో సీసా నుంచి మనిషికి ఎనభై మిల్లీలీటర్లు, కాఫీ కప్పు కంటే తక్కువ. ముందు వాసన, తరువాత చిన్న గుక్క, తరువాత మాట. ఇంకా కావాలని ఆయన అడిగితే ఇంకో సీసా లేదని చెప్పండి, నిజమే కదా.

పక్కన ఆవకాయ వద్దు. పొంగు, చేదు, ఆల్కహాలు మూడూ కలిసి కారాన్ని రెట్టింపు చేస్తాయి, ఆ తరువాత ఏ బీరు తాగినా మంటే. ఉడికించిన పల్లీలు, పచ్చిమిర్చి తగ్గించిన గారెలు, గ్యూజ్‌తో వేయించిన చేప ముక్క చాలు. రోష్‌ఫోర్‌తో మాత్రం అరిసె పెట్టండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం, ముదురుపాకం కలిసిన వాసన దానిది. ఆ గ్లాసు మీ అమ్మగారి చేతికిచ్చి, పాకం ఏ దశలో ఉందో అడిగి చూడండి.

ప్రశ్న: మా స్నేహితులం ఐదుగురం నెలకోసారి మైక్రోబ్రూవరీకి, అంటే అక్కడే బీరు కాచి అమ్మే చోటికి, వెళతాం. చిన్న గ్లాసుల్లో ఆరు రకాలు తెప్పించుకుంటాం. అరటిపండు, లవంగం, మామిడి అంటూ అందరూ ఏవేవో చెబుతారు. నాకు చేదు తప్ప ఏమీ తెలియదు. నా నాలుకలో లోపముందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఏ లోపమూ లేదమ్మా. అందరూ ఒకేసారి మాట్లాడే బల్ల దగ్గర నాకూ ఏమీ తెలియదు. మొదట పలికిన మనిషి "మామిడి" అనగానే మిగతా ముక్కులన్నీ మామిడినే వెతుకుతాయి. మా ప్రయోగశాలలో ఉదయం 11 గంటలకు, టిఫినుకూ భోజనానికీ మధ్య, రుచి చూసే గదిలో కూర్చునేవాళ్లం. రంగు చూసి మోసపోకుండా ఎర్ర దీపాలు పెట్టేవారు, మనిషికీ మనిషికీ మధ్య చెక్క అడ్డం. ఎదుట మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరేది. వేరుగా ఉన్నదేదో కాగితం మీద రాయాలి, అంతే.

ఈసారి మీరూ అదే చేయండి. ఒకరు లేచి మిగతావాళ్లు చూడకుండా పోయాలి, అందరూ రాసి ముగించేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మొదట బాగా తేడా ఉన్నవి, లాగర్ (దుకాణాల్లో మామూలుగా దొరికే లేత రంగు బీరు), గోధుమ బీరు పెట్టుకోండి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు వాసన కల్పన కాదు. అందులో అరటి ఎవరూ వేయరు, పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం వాసన అది. మాగిన అరటిపండులో ఉండేదీ అదే. లవంగం వాసనా ఈస్ట్ చలవే. వెళ్లే ముందు రోజు బాగా మాగిన చక్కెరకేళి ఒకటి ఒలిచి, నాలుగు లవంగాలు నలిపి రెంటినీ విడివిడిగా వాసన చూసి వెళ్లండి. మరునాడు గ్లాసులో అవే పలకరిస్తాయి. నేను కొత్తవాళ్లకు నేర్పింది ఇలాగే.

తిరిగి వచ్చేటప్పుడు బండి ఎవరూ నడపవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే చట్టప్రకారం నేరం, చిన్న గ్లాసులు ఆరు కలిస్తే అది చాలా సులువుగా దాటుతుంది.

ప్రశ్న: స్నేహితుడు బహుమతిగా ఇచ్చిన సీసా అడుగున బూడిద రంగు మడ్డి ఉంది. పారేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. సీసాలోనే రెండోసారి పులిసే బీర్లలో ఈస్ట్ అలా అడుగుకు చేరుతుంది. గ్లాసు వాల్చి ఒకే ఊపులో నెమ్మదిగా పోసి, చివరి వేలెడు సీసాలోనే వదిలేయండి. మూత తీయగానే గంధకపు కంపు కొడితే మాత్రం మడ్డి నేరం కాదు. సీసా ఎక్కడో వెలుతురులో ఉండి హాప్స్ చెడిపోయాయని అర్థం. మీ స్నేహితుడితో అనకండి, పాపం దుకాణంవాడు అద్దాల బీరువాలో పెట్టి ఉంటాడు.

ప్రశ్న: మా ఆడపడుచుకు ఐదో నెల. "క్రాఫ్ట్ బీరులో రసాయనాలు ఉండవు, ఒక గుక్క ఫరవాలేదు" అని వాళ్ల స్నేహితులు అంటున్నారు. మరిది పుట్టినరోజుకు అందరం కలుస్తున్నాం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఒక్క గుక్క కూడా వద్దు. చిన్న బ్రూవరీలో కాచినా పెద్ద కర్మాగారంలో కాచినా ఆల్కహాలు ఆల్కహాలే. గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు వైద్యశాస్త్రంలో లేదు. ఆ మాట అక్కడే, అందరి ముందూ, ఇంటి కోడలిగా మీరు అనండి. ఆవిడ ఒక్కతే కాదనవలసిన అవసరం రాదు.

గ్లాసు మాత్రం ఖాళీగా ఉంచకండి. గుప్పెడు బార్లీని చిన్న మంట మీద కాఫీ గింజల రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించండి. ముదురు బీర్లకు నలుపూ, కాల్చిన వాసనా ఇచ్చేది ఇలా వేయించిన బార్లీయే. లీటరు నీళ్లలో అరగంట మరిగించి, వడకట్టి, చల్లార్చి, చెంచాడు అల్లంరసం, కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు వేయండి. తాగబోయే ముందు నిమ్మచెక్క పిండి, మిగతావాళ్లకు ఇచ్చిన గ్లాసులాంటి దానిలోనే పోసి ఇవ్వండి. అందరూ వాసన చెప్పేటప్పుడు ఆవిడ వంతు కూడా రావాలి.