బీటెక్ అయ్యాక లెక్కలు, సైన్స్ నేర్పే సాఫ్ట్‌వేర్ తయారీలోకి వెళ్లొచ్చా? విజయవాడలో ఉండి చేయగలమా?

వెళ్లొచ్చు, విజయవాడలో ఉండే చేయొచ్చు. నేను పదిహేనేళ్లుగా ఇక్కడే చేస్తున్నాను. జీతం మాత్రం హైదరాబాద్ ఐటీ ఉద్యోగాలతో పోల్చుకోకండి.

మా ఆఫీసులో కొత్తగా చేరే కుర్రాళ్లు మొదటి రోజే ఏ ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నారని అడుగుతారు. ఆరో తరగతి పిల్లలు దశాంశాల్లో ఎక్కడ ఆగిపోతారని ఒక్కరూ అడగరు. ఈ పనికి ఆ రెండో ప్రశ్నే ముఖ్యం.

2014లో గుంటూరు దగ్గర ఒక హైస్కూల్‌కి మేం చేసిన దశాంశాల పాఠం పట్టుకెళ్లాం. కంప్యూటర్ గదిలో ఆరు సిస్టమ్‌లు, ఒక్కోదాని ముందు ముగ్గురేసి పిల్లలు. కరెంటు పోయి యూపీఎస్‌లు కీచుమంటున్నాయి. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. 0.5, 0.12లో ఏది పెద్దది అంటే ఒకమ్మాయి 0.12 నొక్కింది. ఎర్ర గుర్తు. 0.7, 0.35 వచ్చాయి. 0.35 నొక్కింది. మళ్లీ ఎర్ర గుర్తు. అలా వరసగా ఏడు. పక్క పిల్లలు నవ్వుతుంటే మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆ పిల్ల అడ్డదిడ్డంగా నొక్కలేదండీ. ఐదు కంటే పన్నెండు పెద్దది, ఏడు కంటే ముప్ఫై ఐదు పెద్దది. చిన్న క్లాసుల్లో మనమే నేర్పిన పద్ధతిని నిక్కచ్చిగా పాటించింది. ఏడు జవాబుల వెనకా ఉన్నది ఒకే ఆలోచన. దాన్ని పట్టుకోవడం మా సాఫ్ట్‌వేర్‌కి చేతకాలేదు.

లెక్కల మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"మీ ఇంట్లో పాల ప్యాకెట్ ఎంతదమ్మా?"

"అర లీటరు సార్."

"దాని మీద ఏమని ఉంటుంది?"

"ఐదొందల ఎంఎల్."

"0.5 లీటరు అంటే అదే. 0.12 లీటరు అంటే నూట ఇరవై ఎంఎల్, ఓ టీ గ్లాసుడు. ఇప్పుడు చెప్పు."

ఆ పిల్ల గబుక్కున మౌస్ అందుకుని మొదటి ప్రశ్న సరిచేద్దామని వెతికింది. మా ప్రోగ్రాంలో వెనక్కి వెళ్లే బటన్ లేదు.

తిరిగొచ్చి పాఠం మొత్తం మార్చాం. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు బదులు రెండు జాడీల్లో పాలు నిండుతాయి. అంకెలు ఎక్కువున్నదాన్నే మూడుసార్లు ఎంచుకుంటే పాఠం వేరే దారి పడుతుంది. వెనక్కి వెళ్లే బటన్ పెట్టాం. దీనికోసం మేనేజ్‌మెంట్‌తో మూడు నెలలు వాదించాల్సి వచ్చింది. వాళ్లకి నక్షత్రాలు, ర్యాంకులు కావాలి. స్కూళ్లకి అమ్మేటప్పుడు అవే కనిపిస్తాయి కదా.

ఫిజిక్స్‌లో 2001 నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో ఫెట్ (PhET) అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులోని సిమ్యులేషన్లన్నీ, అంటే తెర మీద చేసి చూసే సైన్స్, లెక్కల ప్రయోగాలన్నీ, ఉచితమే. కొన్ని వాడి చూడండి. వాటిని తయారుచేసేటప్పుడు విద్యార్థుల్ని కూర్చోబెట్టి, ఏమనుకుంటూ ఏది నొక్కుతున్నారో పైకి చెప్పిస్తారు. మన దగ్గర ఆ పనికి ఒక్క రోజు కూడా కేటాయించరు. లాంచ్ డేట్ టెన్షన్ తప్ప ఇంకేమీ పట్టదు.

టెక్నాలజీ మారిపోతుందన్న భయం వద్దు. మా పాత పాఠాలు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినవి, 2020 డిసెంబరు 31తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. వాటన్నిటినీ ఇప్పటి బ్రౌజర్లలో నడిచే హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ రాసుకున్నాం. కోడ్ అంతా పోయినా, పిల్లలు ఎక్కడ తడబడతారో రాసుకున్న నోటు పుస్తకాలు అక్షరం మార్చకుండా పనికొచ్చాయి.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. స్పీడ్‌ని వడి అనీ, వెలాసిటీని వేగం అనీ మన పాఠ్యపుస్తకాల్లో వేరుగా చెబుతారు. బయట అనువాదానికి ఇస్తే రెండింటికీ వేగం అనే రాసి పంపారు. "వేగానికీ వేగానికీ తేడా ఏమిటి?" అన్న ప్రశ్న తెర మీద కనబడితే పిల్లాడు ఏం చేస్తాడు? అనువాదాన్ని సైన్స్ టీచరుకి చూపించకుండా వదిలితే ఇంతే. ఈ నిర్లక్ష్యం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఏ కోర్సులోనో చేరే ముందు మీ వీధిలో ఆరో తరగతి పిల్లల్ని ఓ నలుగురిని కూర్చోబెట్టి 0.5, 0.12లో ఏది పెద్దదో అడగండి. ఏ జవాబు చెప్పినా, ఎందుకలా అనుకున్నారో చెప్పమనండి. ఆ మాటలు వింటూ గంట గడిచిపోయినా మీకు తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి. మా ఆఫీసులో ఇద్దరు కావాలి.